హోటల్ పెట్టబోతున్న మా అబ్బాయికి

చిరంజీవి రఘుకి, బాబాయ్ ఆశీస్సులు.

లీజు మీద సంతకం పెట్టేశానని రాత్రి మెసేజ్ పెట్టావు. ముందే ఒక మాట అడిగుంటే బాగుండేది. సరే, ఇంటీరియర్ వాళ్లతో రంగులూ లైట్లూ మాట్లాడక ముందే మీ ఊరి ఫైర్ మార్షల్ ఆఫీసుకి ఒకసారి వెళ్లిరా.

ఫైర్ అనగానే మనకి ఎర్ర బండీ గంటా గుర్తొస్తాయి. ఇక్కడ టెక్సాస్‌లో మార్షల్ ఆఫీసు పని వేరు. ప్లాన్లు చూడటం, పర్మిట్లివ్వడం, తనిఖీకి రావడం, ఎక్కడైనా తగలబడితే మంట ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో తేల్చడం. వాళ్లలో కొందరికి పోలీసు అధికారాలూ ఉంటాయి. అందుకే మనవాళ్లు ఆ పేరు వింటే టెన్షన్ పడి, వాళ్లంతట వాళ్లు వచ్చేదాకా ఆఫీసు వైపు వెళ్లరు. అది తప్పు. గోడ కట్టాక పడగొట్టమంటే డబ్బు నీదే పోతుంది, ప్లాన్ కాగితం మీద దిద్దుకుంటే ఏమీ పోదు.

ముందు హుడ్, అంటే పొయ్యిల పైన పొగ లాగే గూడు, దాని సంగతి చూడు. నువ్వు తీసుకున్నది పాత హోటలే కదా, పొయ్యిల పైన మంటలార్పే సిస్టమ్ ఎప్పటిదో కనుక్కో. మనం గారెలూ బజ్జీలూ వేయించేది వెజిటబుల్ ఆయిల్‌లో. అది జంతువుల కొవ్వు కన్నా ఎక్కువ వేడి మీద అంటుకుంటుంది. పాత సిస్టమ్‌లు చల్లే పొడి మందు కొడితే మంట ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది. అందుకే 1994లో ఈ వంటగది సిస్టమ్‌లని పరీక్షించడానికి యూఎల్ 300 అనే ప్రమాణం వచ్చింది, అప్పట్నుంచి ద్రవం చల్లే సిస్టమ్‌లే. దాన్ని ఆరు నెలలకోసారి లైసెన్సున్న కంపెనీతో చూపించి ట్యాగ్ వేయించుకోవాలి. ఇన్‌స్పెక్టర్ లోపలికి రాగానే చూసేది ఆ ట్యాగ్ మీది తేదీనే.

ఇక జనం లెక్క. బల్లలూ కుర్చీలూ వేసిన హాల్లో మనిషికి 15 చదరపు అడుగులు. 1200 అడుగుల హాలైతే 80 మంది. 50 మందీ, అంతకన్నా ఎక్కువా అయితే రెండు దారులుండాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి. వంద కుర్చీలు వేస్తానంటే ఒప్పుకోరు, బతిమాలకు.

నా సంగతి చెప్తా. ఒక ఉగాదికి సరుకు ఎక్కువ దింపించి, చోటు లేక బియ్యం బస్తాలు వెనక తలుపు ముందు పేర్పించాను. ఆ వారమే తనిఖీ పడింది. వచ్చిన ఇన్‌స్పెక్టర్ అరవలేదు, బస్తాల పక్కన నిలబడి తలుపు తొయ్యమన్నాడు. భుజం ఆనించి తోస్తే జానెడే తెరుచుకుంది. 'మీ వంటవాళ్లు ఎంతమంది?' అన్నాడంతే. 2003లో రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్ తగలబడి 100 మంది పోయినప్పుడు చాలామంది తాము లోపలికి వచ్చిన ముందు తలుపు వైపే పరిగెత్తి అక్కడే ఇరుక్కుపోయారు. ఆ వార్త నేనూ టీవీలో చూసినవాణ్ణే, అయినా బస్తాలు పెట్టాను.

ఫైర్ కోడ్, అంటే ఈ నియమాల పుస్తకం, ఏ ఎడిషన్ వాడతారో ఊరూరికీ మారుతుంది, నా లెక్కలు పట్టుకుని వాళ్లతో వాదించకు.

తందూరు బొగ్గుదా గ్యాస్‌దా తేల్చుకోలేదన్నావు. బొగ్గుదైతే విడిగా హుడ్ కావాలంటారు, పొగ బయటికి పోయే గొట్టం, అదే డక్ట్, నెలనెలా చూపించాలి. మీ పిన్ని బొగ్గు రుచే వేరంటోంది. బిల్లు కట్టేది ఆవిడ కాదు.

మీ బాబాయ్