ఫ్లాష్ కార్డులు గడగడా చెప్పే పాప టెస్టులో ఎందుకు రాయలేకపోతోంది?

ప్రశ్న: మా పాప బెంగళూరులో మూడో తరగతి చదువుతోంది. స్కూలువాళ్లు ఈ ఏడాది ఈవీఎస్‌ (పరిసరాల విజ్ఞానం)కి, కన్నడకి ఫ్లాష్ కార్డుల సెట్లు కొనిపించారు. కార్డు చూపిస్తే చాలు, గడగడా చెప్పేస్తుంది. టెస్టు పెడితే మాత్రం సగం రాయలేదు. డబ్బు దండగేనా?

జవాబు: దండగ కాదండీ. వాడే పద్ధతి మార్చాలి, అంతే. నేను మహదేవపుర వైపు ఒక స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతాను. మాది హిందూపురం. మా అమ్మాయికి కన్నడ పదాలు నేర్పింది కూడా కార్డులతోనే.

ముందు ఇంట్లో ఒక పని చేసి చూడండి. కార్డులన్నీ బాగా కలిపేయండి. పాపకి కార్డు చూపించకుండా ప్రశ్న మాత్రం మీరు చదివి, జవాబు కాగితం మీద రాయమనండి. చాలావాటి దగ్గర ఆగిపోతుందని నా అనుమానం. పిల్లలు తరచుగా కార్డు మీద ఉన్న విషయాన్ని కాదు, కార్డునే గుర్తుపెట్టుకుంటారు. మూల మడత పడింది ఫలానా జంతువు, దాని వెనక వచ్చేది ఫలానా చెట్టు, ఇలా. సెట్ ఎప్పుడూ ఒకే వరుసలో తిప్పితే ఆ వరుసే పాఠం అయిపోతుంది. పైగా నోటితో చెప్పడం వేరు, రాయడం వేరు. స్పెల్లింగు, ఒత్తులు నోట్లో కనపడవు కదా.

క్లాసులో ఇంకో గొడవ ఉంది. టీచరు కార్డు ఎత్తి పట్టుకుంటే క్లాసంతా కోరస్‌గా అరుస్తుంది. ముందు బెంచీ పిల్లలు నలుగురు చెబుతారు, మిగతావాళ్లు అర క్షణం ఆలస్యంగా అందుకుంటారు. బయటి నుంచి చూసేవాళ్లకి అద్భుతంగా ఉంటుంది (ఓపెన్ హౌస్ రోజున మరీనూ). నేను కార్డు చూపించాక ఎవరినీ నోరు తెరవనివ్వను. అందరూ రఫ్ నోటులో రాయాలి, ఆ తర్వాతే కార్డు తిప్పుతాను. తెలియకపోయినా సరే, ఏదో ఒకటి ఊహించి రాయాలి.

కార్డులో ఉన్న బలమంతా ఆ తిప్పే ముందు కాసేపట్లోనే ఉంది. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెడితే, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. మీ పాప కార్డు చూస్తూ చెప్పేది ఆ 5 నిమిషాల మార్కుల్లాంటిది. మీకూ తనకూ వచ్చేసినట్టే అనిపిస్తుంది.

ఇక ఏ కార్డు ఎప్పుడు తీయాలి అన్నదానికి జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన డబ్బాల పద్ధతి ఇప్పటికీ హాయిగా పనిచేస్తుంది. పాత చెప్పుల డబ్బాలో అట్టముక్కలు పెట్టి మూడు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికోసారి. సరిగ్గా రాస్తే కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది. తప్పితే ఎక్కడున్నా సరే, మళ్లీ మొదటి అరకే. వచ్చినవాటిని రోజూ తిప్పి మురిసిపోవడం దీంతో తగ్గుతుంది. రోజుకి పది నిమిషాలు చాలు. అంతకు మించితే మూడో తరగతి పిల్లకి విసుగు, మీకు టెన్షన్.

కన్నడ కార్డుల విషయంలో మన తెలుగు పిల్లలకి కొంత కలిసివస్తుంది. పులి హులి, పాలు హాలు లాంటివాటికి కార్డు అక్కర్లేదు, నాలుగు రోజులు వింటే పట్టేస్తారు. తలుపుకి బాగిలు, ఇవాళకి ఇవత్తు లాంటివాటికే కార్డు పెట్టండి. రెండు వైపుల నుంచీ అడగండి. కన్నడ మాట చూసి అర్థం చెప్పడం తేలిక, అర్థం చెబితే కన్నడ మాట రాయడమే కష్టం. అక్షరాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి మా అమ్మాయి చాలాకాలం కన్నడ మాటల్లో తెలుగు తలకట్టు పెట్టేసేది. చూసి చదివినంతసేపూ అది బయటపడలేదు, రాయిస్తేనే దొరికింది.

కార్డుతో అన్నీ రావు, అదీ చెప్పాలి. ‘పసుపు క్షారంలో ఎర్రబడుతుంది’ అని మా క్లాసులో అందరూ చెబుతారు. యూనిఫాం మీద సాంబారు మరక సబ్బు పెట్టగానే ఎందుకు ఎర్రబడిందంటే మొహాలు చూసుకుంటారు. సాంబారులో పసుపు ఉందని, సబ్బు క్షారమని కలిపి ఆలోచించడం కార్డు నేర్పదు. అందుకే ఇప్పుడు కార్డు మీద మరక గురించే ప్రశ్న రాయిస్తున్నాను, అదీ పిల్లల చేతే. రాసేటప్పుడే సగం పాఠం వచ్చేస్తుంది.

ఇంకో సెట్ కొనమంటే మాత్రం నేనైతే కొనను. ఇంట్లో పడి ఉన్న పెళ్లి శుభలేఖలు కత్తిరించండి, మంచి దళసరి కాగితం, చాలావాటికి వెనక ఖాళీయే. ఇప్పటికే కొన్న సెట్‌లో జవాబు బొమ్మ పక్కనే అచ్చయి ఉంటే దాని మీద తెల్ల స్టిక్కర్ అంటించి, వెనక పాప చేత రాయించండి. ఫోన్‌లో ఆంకీ లాంటి యాప్‌లు ఇదే పని చేస్తాయి కానీ, అవి నీట్‌కి చదివే పిల్లలకి బాగుంటాయి. మూడో తరగతికి ఫోన్ ఇస్తే కార్డుల దగ్గర ఆగదని మీకు నేను చెప్పక్కర్లేదు.