విజయనగరంలో లా చదివి సముద్ర చట్టంలోకి వెళ్ళవచ్చా?

మీరు అడిగింది ఇది: విజయనగరంలో లా మూడో ఏడు చదువుతున్నారు, మారిటైమ్ లా మీద మనసు పడింది, ఇంట్లోవాళ్ళు అదంతా ముంబయి, లండన్ వాళ్ళ పని అంటున్నారు. ఆ రంగంలో జడ్జి స్థాయికి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు. జర్మనీలో హాంబర్గ్ నగరంలో అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ ఉంది. అందులో ఆయన 1996 నుంచి 2017 వరకు జడ్జి. 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షులు కూడా. ఆయన గురించి చెప్తాను. అంతకంటే ముందు ఆ పేరు నా దాకా ఎలా వచ్చిందో చెప్పనివ్వండి, అది లేకుండా చెప్తే మీకు జనరల్ నాలెడ్జ్ బిట్ లాగా మిగిలిపోతుంది.

నేను శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళేవారు. 2018 నాటికి నా దగ్గర ఉన్న కేసులన్నీ భూమి తగాదాలు, చెక్ బౌన్సులు, మోటారు యాక్సిడెంట్ క్లెయిములే. సముద్రం మీద ఒక చట్టం ఉంటుందని లా కాలేజీలో ఒక పేపర్ కోసం చదివి, పరీక్ష అయ్యాక మర్చిపోయాను.

మా వైపు మగవాళ్ళు ఆగస్టు వచ్చేసరికి రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారని మీకు తెలిసే ఉంటుంది. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, కానీ పెద్ద బోట్లు నిలిపే హార్బర్ అప్పటికి ఒక్కటీ లేదు. అందుకే ఆ వలస. అక్కడ బోటు నడిపే పెద్దని తండేలు అంటారు, మిగతావాళ్ళు కలాసీలు. 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్న బోట్లలో మన రెండు జిల్లాల వాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ళని కరాచీ జైల్లో పెట్టారు. మా మేనత్త కొడుకు కూడా వాళ్ళలో ఉన్నాడు.

వార్త తెలిసిన మూడో రోజు బావ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, చంటిపిల్లని ఎత్తుకుని నా ఆఫీసుకి వచ్చింది. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, పెళ్ళి ఫొటో తెచ్చింది. "ఏటి తమ్ముడూ, నువ్వు లాయరువి కదా. మీ బావని ఎప్పుడొగ్గేత్తారు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఏ చట్టం కింద పట్టుకున్నారో, శిక్ష ఎంతో, ఎవరి దగ్గర అర్జీ పెట్టాలో ఏదీ తెలియదు. సముద్రం ఒడ్డున పుట్టి, పదకొండేళ్ళు నల్లకోటు వేసుకుని, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ రాత్రి 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం తెరిచాను. 320 అధికరణాలు. 73వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాను. ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ లోపు సముద్రంలో, చేపల వేట చట్టం ఉల్లంఘించారని బోటును పట్టుకుంటే, తగిన బాండు, అంటే పూచీకత్తు, కట్టగానే బోటునూ మనుషులనూ వెంటనే వదిలేయాలి. ఆ నేరానికి జైలు శిక్ష కూడా వేయకూడదు, సంబంధిత దేశాలు వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప. వదలకపోతే 292వ అధికరణం కింద హాంబర్గ్ ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు. మా అక్క అడిగిన ఒగ్గేయడమే, అంటే వదిలేయడమే, అక్కడ ఒక పూర్తి విచారణ పద్ధతిగా రాసి ఉంది.

అలాంటి కేసులు ఏవేవి నడిచాయో వెతికితే కమూకో అనే చేపల పడవ తీర్పు దొరికింది. పనామా జెండా ఉన్న ఆ ఓడని 1999 సెప్టెంబరులో ఫ్రాన్స్ వాళ్ళు దక్షిణ హిందూ మహాసముద్రంలో క్రోజె దీవుల దగ్గర పట్టుకున్నారు. విడుదలకి అక్కడి కోర్టు 2 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. పనామా 2000 జనవరి 17న హాంబర్గ్‌లో దరఖాస్తు వేసింది. ఫిబ్రవరి 7న తీర్పు వచ్చేసింది. మూడు వారాలు! మన దగ్గర వాయిదాల లెక్క తెలిసినవాణ్ణి, తేదీలు రెండుసార్లు చూసుకున్నాను. బాండు మొత్తాన్ని 80 లక్షల ఫ్రాంకులకు తగ్గించారు. ఆ ఓడ కెప్టెన్ జైల్లో లేడు, రీయూనియన్ దీవిలో కోర్టు నిఘాలో ఉన్నాడు. కానీ పాస్‌పోర్టు లాగేసుకున్నారు, దీవి దాటి వెళ్ళలేడు. అతణ్ణి కూడా విడుదల చేయాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. తాళం వేసిన గదిలో లేకపోయినా, పాస్‌పోర్టు చేతిలో లేనివాడు కదల్లేనివాడేనని వాళ్ళు గుర్తించారు. గల్ఫ్‌కో ఓడల మీదకో వెళ్ళి పాస్‌పోర్టు పోగొట్టుకున్న కుర్రాళ్ళు కవిటి, సోంపేట వైపు ప్రతి ఊరిలో కనిపిస్తారు. వాళ్ళని చూసినవాళ్ళకి ఆ పేరా విలువ తెలుస్తుంది.

ఆ తీర్పు మొదట్లో జడ్జీల పేర్లు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు, అధ్యక్షులు చంద్రశేఖరరావు అని ఉంది.

కృష్ణా జిల్లా వీరుళ్ళపాడులో 1936లో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో లా చదివారు. తర్వాత ఢిల్లీలో విదేశాంగ శాఖ న్యాయ విభాగం, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గర మన దేశ న్యాయ సలహాదారు పని, ఆ తర్వాత కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి పదవి. 1996 నాటి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) చట్టం తయారీలో ఆయన పాత్ర పెద్దది, మీ సిలబస్‌లో ఉండే చట్టమే. ఇక్కడ ఒక సంగతి గమనించండి. హాంబర్గ్ కుర్చీలో కూర్చునే నాటికి ఆయనకి అరవై ఏళ్ళు. అప్పటిదాకా చేసిందంతా ముసాయిదాలు రాయడం, ఒప్పందాల్లో ఒక్కో మాటా తూచి చూడడం, ప్రభుత్వానికి సలహా ఇవ్వడం. ఈ ఒప్పందం అమల్లోకి రావడానికి పదకొండేళ్ళ ముందే, 1983లో, సముద్ర మండలాల చట్టం మీద పుస్తకం రాశారు. ట్రిబ్యునల్‌లో చేరాక దాని విచారణ నిబంధనలకి ఒక్కొక్కదానికీ వ్యాఖ్యానం రాసిన ఇద్దరు సంపాదకుల్లో ఒకరు. 2012లో పద్మభూషణ్ ఇచ్చారు. కోర్టులో గొంతు పెంచి వాదించే బతుకు కాదది. మీకు అలాంటి బతుకు కావాలంటే ఈ దారి విసుగు పుట్టిస్తుంది, ముందే చెప్తున్నాను.

నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది ట్రిబ్యునల్ మొట్టమొదటి కేసు చదివాక. సైగా అనే ట్యాంకరు 1997లో పశ్చిమ ఆఫ్రికా తీరంలో చేపల బోట్లకి డీజిల్ పోస్తుంటే గినియా పట్టుకుంది. 12 మంది జడ్జీలు వెంటనే వదలమన్నారు, 9 మంది కాదన్నారు. ఆ తొమ్మిది మందిలో చంద్రశేఖరరావు గారు ఉన్నారు. గినియా పెట్టింది కస్టమ్స్ కేసు, దాన్ని 73వ అధికరణం కింద చేపల వేట కేసుగా చూడవచ్చా అన్నదే వాళ్ళ అభ్యంతరం. ఓడ మనుషుల మీద నాకున్న జాలితో చదివితే మొదట కోపం వచ్చింది. రెండోసారి చదివితే ఆయన ఎందుకు ఆగారో అర్థమైంది. చట్టం ఎంతవరకు రాసి ఉందో అంతవరకే తీసుకెళ్ళాలనే పట్టుదల అది. అదే ఓడ మీద 1999లో వచ్చిన రెండో తీర్పు తప్పక చదవండి. ఓడ, దాని మీద ఉన్న సరుకు, పనిచేసే మనుషులు అంతా కలిపి ఒకే యూనిట్ అనీ, ఎవరు ఏ దేశం వాళ్ళయినా జెండా దేశం, అంటే ఓడ రిజిస్టరైన దేశం, అందరి తరఫునా అడగవచ్చనీ అందులో చెప్పారు.

మరి మా బావకి ఇదంతా ఎందుకు పనికిరాలేదు? నేను కూడా మొదటి రాత్రి ఉత్సాహంలో మా అక్కకి ఫోన్ చేసి ఏదో ఆశ చెప్పేశాను. అది నా తప్పు. 73వ అధికరణం ఆర్థిక మండలానికి వర్తిస్తుంది, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపల ఉండే ప్రాదేశిక జలాలకి కాదు. బోటు ఎక్కడ పట్టుబడిందో రెండు వైపులా రెండు మాటలు చెప్తారు. గుజరాత్, సింధ్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర మన రెండు దేశాల సముద్ర సరిహద్దే ఇంకా తేలలేదు. అన్నిటికీ మించి, హాంబర్గ్‌లో దరఖాస్తు వేయాల్సింది జెండా దేశం, లేదా ఆ దేశం అధికారం ఇచ్చినవాళ్ళు. ఒక భార్య వేయలేదు, ఒక శ్రీకాకుళం ప్లీడరు వేయలేడు. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఆ ఒప్పందాన్ని ఆమోదించాయి. అయినా మత్స్యకారుల విషయం ఎప్పుడూ రెండు ప్రభుత్వాల మధ్య మాటల మీదే నడుస్తుంది.

కాబట్టి నేను చేసిన పని చాలా చిన్నది. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలు ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశం వాళ్ళ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మనవాడు మనవాడేనని ఇక్కడి నుంచి ధ్రువీకరణ వెళ్ళాలి. బావ ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. ఊరిపేరు కూడా రెండు రకాలు. ఒక ఆఫీసులో ఆ తేడా చూపించి కాగితం మూడుసార్లు వెనక్కి ఇచ్చారు. ఒకే మనిషి అని అఫిడవిట్ తయారుచేసి, తహసీల్దారు సంతకం తీసుకుని, మా పేటలో మిగతా కుటుంబాలకి కూడా అదే చేశాను. 2020 జనవరి 6న మనవాళ్ళు ఇరవై మంది వాఘా దాటారు. నా అఫిడవిట్ల వల్ల వచ్చారని అనను, అది ప్రభుత్వాల స్థాయిలో జరిగింది. కానీ పేరు తప్పు ఉందని మా పేటవాళ్ళు ఎవరూ ఆగిపోలేదు.

చంద్రశేఖరరావు గారికి ఒక ఉత్తరం రాయాలనుకున్నాను. వెతికితే అప్పటికే 2018 అక్టోబరులో చనిపోయారని తెలిసింది, బావ పట్టుబడడానికి కొన్ని వారాల ముందే. చివరి ఏళ్ళలో ఆయన చేతిలో ఉన్న పని కూడా మత్స్యకారులదే. 2012లో కేరళ తీరంలో ఇటలీ ఓడ మీది సైనికులు ఇద్దరు జాలర్లను కాల్చి చంపిన కేసులో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్‌లో సభ్యులుగా ఉన్నారు. ఆయన తర్వాత ఆ స్థానంలోకి వచ్చినవారు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు, ఆయనా తెలుగువారే. బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్‌ల సరిహద్దు తేల్చిన 2014 తీర్పులో కూడా శ్రీనివాసరావు గారు ఒక సభ్యులు. ఇటలీ కేసులో 2020లో తీర్పు వచ్చింది, తర్వాత 10 కోట్ల రూపాయల పరిహారం చెల్లించారు. కాబట్టి మీ ఇంట్లోవాళ్ళకి రెండు పేర్లు చెప్పవచ్చు.

ఇక మీ సంగతి. మారిటైమ్ లా అంటే రెండు వేరు వేరు దారులు, మొదట్లో అందరూ కలిపేస్తారు. పైన చెప్పింది దేశాల మధ్య సముద్ర చట్టం. రెండోది అడ్మిరాల్టీ: సరుకు, ఓడ ఢీకొనడం, సీమెన్ (ఓడ సిబ్బంది) జీతాలు, ఓడని అరెస్టు చేయించడం. రోజువారీ సంపాదన అందులో ఉంది, దానికి పునాది మన పక్కనే పడింది. 1984లో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడని విశాఖపట్నం పోర్టులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో ఆపేశారు. బ్రిటిష్ కాలపు చట్టం ప్రకారం ఈ కోర్టుకి ఆ అధికారం లేదని ఓడ తరఫువాళ్ళు వాదిస్తే, 1992లో సుప్రీంకోర్టు ఉందని తేల్చింది. ఇప్పుడు 2017 అడ్మిరాల్టీ చట్టం ఉంది. దాని 9వ సెక్షన్ నోటికి వచ్చేలా చదవండి. ఓడ మీద ఉన్న బాకీల్లో సీమెన్ జీతాలది మొదటి వరస. మన కుర్రాళ్ళు ఆరు నెలల జీతం పోగొట్టుకుని ఇంటికొచ్చి ఊరుకుంటారు. ఈ సెక్షన్ ఉందని వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

పై చదువుకి గాంధీనగర్‌లో గుజరాత్ మారిటైమ్ యూనివర్సిటీ ఎల్ఎల్ఎం ఉంది, మాల్టాలో అంతర్జాతీయ మారిటైమ్ లా సంస్థ ఉంది. హాంబర్గ్ ట్రిబ్యునల్ ఇంటర్న్‌షిప్‌లు కూడా ఇస్తుంది. ఇంగ్లీషు బాగా రాయగలగాలి, ఫ్రెంచ్ వస్తే మంచిది, ఎందుకంటే ట్రిబ్యునల్ ఆ రెండు భాషల్లోనే పనిచేస్తుంది. మొదటి రెండేళ్ళు విశాఖలోనో చెన్నైలోనో షిప్పింగ్ కేసులు చూసే సీనియర్ దగ్గర చేరడం మంచిదని నా అభిప్రాయం. జీతం తక్కువ ఉంటుంది, టెన్షన్ పడొద్దు.

ఈ వారం కమూకో తీర్పు చదవండి. ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. ఆదివారం చింతపల్లి బీచ్‌కో కోనాడకో వెళ్ళి, వెరావల్ వెళ్ళొచ్చిన తండేలు ఎవరైనా ఉంటే కూర్చుని, బోటు ఎక్కడ ఆపుతారు, జీపీఎస్‌లో ఏం చూస్తారు, గీత దాటామని ఎలా తెలుస్తుంది అని అడగండి. మా బావ ఇప్పుడు గుజరాత్ వెళ్ళడం మానేశాడు, ఊరిలోనే ఫైబర్ బోటు మీద వెళ్తున్నాడు. మీరు ఎచ్చెర్ల వైపు వస్తే మెసేజ్ పెట్టండి, ఆయనతో మాట్లాడిస్తాను.