మేకలు పెంచుతానంటున్న మా అల్లుడికి, కళ్ళ గురించి

ఒరేయ్ అల్లుడూ, నువ్వు మేకలు పెంచుతావంట అని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, వినగానే గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక దిగులు పట్టుకుంది. మేత, నీళ్ళు, షెడ్డు సంగతి నువ్వే నేర్చుకుంటావ్. టీకాలు, నట్టల మందు డాక్టరు చెప్తాడు. నేను చెప్పేది కళ్ళ గురించి, ఎందుకంటే అందరూ జ్వరానికీ పారుడుకీ భయపడతారు గానీ కన్ను చెడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు.

కళ్ళకలక మేకలకీ వస్తుంది, ఒకదానికి వస్తే మందంతా పాకుతుంది. ఎక్కువగా మైకోప్లాస్మా, క్లమీడియా అనే క్రిముల వల్ల. మొహాలు రాసుకున్నా, ఒకే తొట్టిలో తిన్నా, ఈగలు ఒక కంటి మీంచి లేచి ఇంకో కంటి మీద వాలినా అంటుకుంటుంది. ఇరుకు, దుమ్ము, మండే ఎండ ఉంటే ఇంకా తొందరగా. ఎండుగడ్డి తల కంటే ఎత్తులో కట్టకు, తలెత్తి లాగినప్పుడు నలుసులన్నీ కళ్ళల్లోనే రాలతాయి. కొత్త మేకల్ని తెచ్చినరోజే మందలో కలిపేయకు, మూడు నాలుగు వారాలు విడిగా ఉంచు, జబ్బు తగ్గి చక్కగా కనపడే మేక కంట్లో కూడా క్రిమి నెలల తరబడి ఉండొచ్చు.

మొదట కన్ను చికిలిస్తుంది, నీడలోనే నిలబడుతుంది, కంటి కింద బొచ్చు తడిసి చార కడుతుంది. ఆ చార కనపడ్డ రోజే పట్టుకోవాలిరా.

మీ మామయ్య ఒక చూడిమేకకి అలాగే నీళ్ళు కారుతుంటే ఇంట్లో ఎవరికో వాడగా మిగిలిన కంటిచుక్కలు వేశారు. రెండ్రోజుల్లో ఎరుపు పోయింది, నయమైందనుకున్నాం. కానీ అందులో స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపునైతే అణుస్తుంది గానీ, నల్లగుడ్డు మీద పుండుంటే దాన్ని మాననివ్వదు, పుండు లోపలికి తినుకుంటూ పోతుంది. గుడ్డు మధ్యలో చిన్న గుంట పడింది, ఇంకొన్నాళ్ళకి కన్ను చితికిపోయింది, రెండో కంట్లో కూడా పువ్వు పడింది. అప్పట్నుంచి తొట్టి ఎటుందో దానికి తెలిసేది కాదు, తడుముకుంటూ వస్తే మిగతావి కుమ్మి తోసేసేవి, గోడకి ఆనుకుని చెవులు మాత్రం నీళ్ళ చప్పుడు వైపు తిప్పేది. ఈనే ముందు కడుపు మాడితే తల్లి నిలవదు. అదీ నిలవలేదు. దాన్ని చంపింది కళ్ళకలక కాదురా, ఆకలి. కళ్ళు కనపడని మేకని విడిగా కట్టి మేత, నీళ్ళు మూతి దగ్గరే పెట్టుంటే బతికేది, ఆయన ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచెళ్ళిపోతారు.

అందుకని డాక్టరు చూడకుండా ఏ చుక్కలూ వేయొద్దు, చెప్పానంటే చెప్పానంతే. ఆయన రంగుచుక్క వేసి చూస్తాడు, పుండున్న చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలుగా టెట్రాసైక్లిన్ రకం కంటి ట్యూబు రోజుకి మూడు నాలుగు సార్లు రాయమంటారు, ముదిరినా చాలా వాటికి వచ్చినా ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ బరువు చూసి ఇస్తారు. పెన్సిలిన్ మైకోప్లాస్మా మీద పనిచేయదు, ఆ మందు దెబ్బతీసేది క్రిమి చుట్టూ ఉండే గోడని, దీనికి ఆ గోడే లేదు. ఏది చూడిదో ముందే చెప్పు, మందు వాడాక పాలు, మాంసం ఎన్నాళ్ళు వాడకూడదో అడుగు. జబ్బు మేకని చీకటిగా ఉండే కొట్టంలో ఉంచు, పుసులు తుడిచే దూది ఒక్కో కంటికి ఒక్కోటి. తేలిక జబ్బయితే రెండు మూడు వారాల్లో తేరుకుంటుంది. కళ్ళతో పాటు జ్వరం, నోట్లో పుళ్ళు, పారుడు కూడా ఉంటే అది పీపీఆర్ అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావొచ్చు, ఆ రోజే డాక్టర్ని పిలువు.

ఇంకోటి నాన్నా, మందు రాశాక చేతులు సబ్బుతో కడగకుండా ఇంకో మేకని ముట్టుకోకు, నీ కళ్ళు అసలే నులుముకోకు. అమ్మాయి కడుపుతో ఉంది కదా, మేకలకి కడుపు పోయేలా చేసే క్లమీడియా కడుపుతో ఉన్నవాళ్ళకి చాలా ప్రమాదం, కాబట్టి ఈనే మేకల దగ్గరికి తనని రానివ్వకు, ఆ కొట్టంలో వేసుకున్న బట్టలు కూడా తనతో ఉతికించకు, నువ్వే ఉతుక్కో.