ఫ్యాన్లు కొనే ముందు గాలికి దారి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు వేస్తున్నావని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు బయానా ఇవ్వబోతున్నావని మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు నాయనా. గాలి ఎటు నుంచి లోపలికి వస్తుందో, ఎటు పోతుందో ముందు తేల్చుకో. బయటికి తోసినంత గాలి లోపలికి రాకపోతే రెక్కలు తిరుగుతాయి, కరెంటు బిల్లు వస్తుంది, పొగ మాత్రం కదలదు.

వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. అందుకే గాలి వచ్చే కంతలు కింద, నడుము ఎత్తులో, నీడ ఉండే ఉత్తరం వైపు పెట్టించు. ఆ పక్క ఎవరైనా బండ్లకు రంగులు కొడుతుంటే మాత్రం వేరే గోడ చూసుకో. పోయే దారి కప్పు శిఖరాన ఉండాలి. ఫ్యాను పక్కనే కిటికీ తెరిచి ఉంటే ఆ కిటికీ గాలినే అది లాగి పారేస్తుంది. షెడ్డు నడుమ పనిచేసేవాడికి ఏమీ అందదు. నేను చూసిన షెడ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. పని లేని వేళ అగరుబత్తి వెలిగించి వెల్డర్ నిలబడే చోట పట్టుకో. పొగ ఎటూ సాగకుండా అక్కడక్కడే సుడులు తిరుగుతుంటే ఆ మూలకు గాలి చేరడం లేదన్నమాట.

ఫ్యాన్ల లెక్క కష్టమేమీ కాదు. ఉదాహరణకు 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు అంటే 1,000 ఘనపు మీటర్లు. గంటకు 20 సార్లు గాలి మారాలంటే 20,000 ఘనపు మీటర్లు తోడాలి. కొట్టువాడు రెక్కల సైజు చెబుతాడు. నువ్వు ఈ అంకె అడుగు.

వెల్డింగ్ పొగ సంగతి వేరు. దాన్ని పుట్టిన చోటే, పీల్చే గొట్టంతో పట్టాలి. ఊదే గాలి దూరం వెళుతుంది కానీ, పీల్చే బలం గొట్టం మూతి నుంచి దాని వ్యాసమంత దూరం పోయేసరికే దాదాపు పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి మూతి అతుకుకు ఒక అడుగు దూరం లోపే ఉండాలి. పొగ వెల్డర్ ముఖం మీదుగా పోకుండా పక్కకు లాగేలా అమర్చు. గాల్వనైజ్డ్ రేకు అతికినప్పుడు వచ్చే జింకు పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. మలేరియా అనుకుని మాత్రలు మింగేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. సీఓటూ వెల్డింగ్ దగ్గర స్టాండు ఫ్యాను నేరుగా తిప్పకు. అతుకును కాపాడే గ్యాసు చెదిరి అందులో బుడగలు పడతాయి.

ఇక కప్పు. రోహిణి కార్తెలో రేకు కింద నిలబడితే నడినెత్తికి తగిలే సెగను ఏ ఫ్యానూ ఆపలేదు. పైన తెల్లటి కూల్ పెయింటు వేయించు. వీలైతే మధ్యలో గాలి ఆడేలా రెండో కప్పు వేయించు. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లో కూడా రెండు కప్పుల మాట ఉండేది. రేకులు ఎక్కించక ముందే ఇది నిర్ణయించుకో.

షెడ్డు కొలతలు, పక్క గోడల ఎత్తు, మధ్యాహ్నం ఎండ పడే వైపు కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపు. కంతలు ఎక్కడ కొట్టాలో గుర్తులు పెట్టి పంపిస్తాను.

మీ మామయ్య