పాత పేజ్‌మేకర్ కంప్యూటర్ని వైఫైకి కలపడం: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

మీ నాన్న డీటీపీ సెంటర్లోని విండోస్ 98 కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతోందని, దాన్ని ఇంట్లో వైఫైకి కలిపి ఫైళ్లన్నీ నీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవాలని ఉందని రాశావు. అయ్యే పనే. కానీ యూఎస్‌బీ వైఫై డాంగిల్ మాత్రం కొనకు, డబ్బు దండగ. ఇప్పటి డాంగిళ్లతో విండోస్ 98 డ్రైవర్లు ఇవ్వరు. రౌటర్లు వాడే డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రత విండోస్ 98 వచ్చిన చాలా ఏళ్లకి, 2004లో వచ్చింది. 2006 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ విండోస్‌ను పూర్తిగా వదిలేసింది. ఆ కాలపు వైఫై కార్డు ఎక్కడైనా దొరికినా, చాలావాటికి డబ్ల్యూఈపీ అనే పాత, బలహీనమైన భద్రత ఒక్కటే తెలుసు. దానికోసం రౌటర్ని కూడా డబ్ల్యూఈపీకి మార్చమని ఎవరైనా చెబితే వినకు. దాన్ని ఛేదించే పద్ధతి 2001లోనే బయటపడింది.

వైఫై సంగతి పాత సీపీయూకి అప్పగించకుండా బయటే తేల్చాలి. దానికి కేబుల్ ఇచ్చి ఊరుకో. క్లయింట్ మోడ్ ఉన్న చిన్న రౌటర్ ఒకటి తీసుకో. అది మీ ఇంటి వైఫైని పట్టుకుని లాన్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి అందిస్తుంది. ఇద్దరి మధ్యా దుబాసీ అన్నమాట. పాస్‌వర్డ్, భద్రత అన్నీ అదే చూసుకుంటుంది, విండోస్ 98కి అక్కడ వైఫై ఉందని కూడా తెలియదు. ఆ రౌటర్ని ముందుగా నీ ల్యాప్‌టాప్ నుంచే సెట్ చేసి, పనిచేస్తోందని చూసుకున్నాకే పాత మిషన్‌కి తగిలించు. గెస్ట్ వైఫైకి కలపకు. చాలా రౌటర్లలో గెస్ట్ వైఫై మీదున్నవి ఒకదాన్నొకటి చూడలేవు.

సీపీయూలో లాన్ కార్డు లేకపోతే రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న పీసీఐ కార్డు వెతుకు. ఒకప్పుడు ప్రతి షాపులో ఉండేది, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. డ్రైవర్ సీడీలో రాసి తీసుకెళ్లు. పెన్‌డ్రైవ్ పెడితే విండోస్ 98 దానికే ఇంకో డ్రైవర్ అడుగుతుంది! మధ్యలో విండోస్ సీడీ పెట్టమంటే కంగారు పడకు. విండోస్ ఫోల్డర్‌లో ఆప్షన్స్, దానిలో క్యాబ్స్ అనే ఫోల్డర్ ఉందేమో చూసి ఆ దారి చూపించు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక పని. హార్డ్ డిస్క్ విప్పి, పాత డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే ఐడీఈ కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి మొత్తం కాపీ తీసుకో. పాతికేళ్ల డిస్క్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరికి తెలుసు? అలా కాపీ తీశాక ఇక నెట్‌వర్క్ ఎందుకు అంటావేమో. మీ నాన్న శుభలేఖలు, సావనీర్లు అన్నీ అను ఫాంట్లలో కంపోజ్ చేశారు. ఆ అక్షరాలు యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పద్ధతి) కావు. ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళమే కనిపిస్తుంది. అందుకని పాత మిషన్ మీదే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో తెరిచి, ప్రింట్ ఆప్షన్స్‌లో పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌గా (ప్రింటర్‌కి పేజీని వివరించే భాష అది) రాయించి, దాన్ని ల్యాప్‌టాప్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ చేసుకోవాలి. ఆ ఫైళ్లు ఫ్లాపీలో పట్టేవి కావు. నెట్‌వర్క్ అవసరం అక్కడే.

కంట్రోల్ ప్యానెల్‌లో టీసీపీ/ఐపీ అనే నెట్‌వర్క్ సెట్టింగ్‌ని ముందు ఆటోమేటిక్‌గా ఉంచి, కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రస్ చూపించే విన్‌ఐపీసీఎఫ్‌జీ నడిపి చూడు. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అందలేదని అర్థం, కేబుల్, క్లయింట్ మోడ్ మళ్లీ చూసుకో. సరైన అడ్రస్ వస్తే, ఆ వరుసలోనే రౌటర్ ఎవరికీ పంచని అడ్రస్ ఒకటి స్వయంగా ఇచ్చి, బయటికి దారి చూపే గేట్‌వే గడిని ఖాళీగా వదిలెయ్. అప్పుడది ఇంట్లోవాటితో మాట్లాడుతుంది, బయటి ఇంటర్నెట్‌కి పోదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన మిషన్‌కి అదే క్షేమం. అయినా దానిలోని బ్రౌజర్‌తో ఇప్పటి వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు, అవి అడిగే టీఎల్‌ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి దానికి రాదు.

ఫైళ్లు పంపడానికి విండోస్ షేరింగ్ జోలికి పోకు. అది వాడే పాత పద్ధతి ఎస్‌ఎంబీ1ని మైక్రోసాఫ్ట్ 2017 నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో తీసేస్తూ వచ్చింది, తిరిగి ఆన్ చేయడం మంచిది కాదు. ల్యాప్‌టాప్‌లో ఫైల్‌జిల్లా సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, మామూలు ఎఫ్‌టీపీకి (ఫైళ్లు పంపే పాత పద్ధతి) అనుమతి ఇవ్వు, పని అయ్యాక ఆపెయ్. విండోస్ 98లో ఎఫ్‌టీపీ కమాండ్ ఉండనే ఉంది. లాగిన్ అవగానే బైనరీ అని కొట్టడం మరచిపోకు. లేకపోతే అది టెక్స్ట్ మోడ్‌లో పంపుతుంది, ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. మొదట ఒక్క ఫైల్ పంపి, రెండు వైపులా సైజు సరిపోయిందో చూసి, తర్వాతే మిగతావి పంపు.

కార్డు కొనేముందు చిప్ మీది అక్షరాలు కనిపించేలా ఫోటో తీసి వాట్సాప్ చెయ్, చూసి చెబుతాను.

మావయ్య