ఇంగ్లీషులో గిఫ్ట్ అంటే కానుక, జర్మన్‌లో విషం. ఎందుకిలా?

రెండూ ఒకే మాట. 'ఇవ్వడం' అనే అర్థమున్న ప్రాచీన జర్మానిక్ క్రియ నుంచి పుట్టి, తర్వాత వేరు దారులు పట్టాయి.

విషం అనే అర్థం వైద్యం నుంచి వచ్చింది. గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం, రోగికిచ్చే మందు మోతాదు కూడా (మనం వాడే 'డోసు' అదే). లాటిన్ ద్వారా అందిన ఆ మాటకు జర్మన్‌లో గిఫ్ట్‌ను సమానార్థకంగా వాడారు. ప్రాణం తీసే మోతాదును మరుగుమాటగా 'ఇచ్చినది' అనడంతో క్రమంగా ఆ అర్థమే నిలబడిపోయింది. పాత అర్థం మాత్రం పెళ్లికూతురు వెంట తెచ్చే కట్నానికి వాడే 'మిట్‌గిఫ్ట్'లో ఇంకా ఉంది.

స్వీడిష్ మరీ ఆసక్తికరం. అక్కడ ఇదే మాట (పలకడం 'యిఫ్ట్') నామవాచకమైతే విషం, విశేషణమైతే 'పెళ్లయిన'. పెళ్లి అర్థం కూతుర్ని ఇవ్వడం నుంచి వచ్చింది. మనం 'పిల్లనిచ్చారు' అన్నట్టే.

ఇంగ్లీషు మాటను జర్మన్లు తీసుకుని అర్థం మార్చారనుకోవడం పొరపాటు. పాత ఇంగ్లీషులో దీనికి 'కన్యాశుల్కం' అనే అర్థం ఉండేది. నేటి ఉచ్చారణ, కానుక అనే అర్థం స్కాండినేవియన్ల పాత నార్స్ భాష ప్రభావంతో వచ్చాయి.