మోన్‌బొడ్డో బొమ్మలో మొహం కాదు, గోడ చూడండి

ఎడిన్‌బరో కార్టూనిస్టు జాన్ కే వేసిన లార్డ్ మోన్‌బొడ్డో ఎచింగ్‌లో (రాగిరేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మలో) జడ్జి మొహం మామూలుగానే ఉంది, మరి వెక్కిరింత ఎక్కడ, పాత ప్రింటు దొరికితే అసలుదని ఎలా పోల్చుకోవాలి అని అడిగారు.

బొమ్మలో జడ్జి బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటుంటాడు. వెనక గోడ మీది పటంలో తోకలున్న మనుషులు చిందులేస్తుంటారు. వెక్కిరింతంతా అక్కడే ఉంది. జేమ్స్ బర్నెట్ (1714–1799) 1767లో ఎడిన్‌బరోలోని కోర్ట్ ఆఫ్ సెషన్‌లో (స్కాట్లాండ్ పెద్ద సివిల్ కోర్టు) జడ్జి అయ్యాక లార్డ్ మోన్‌బొడ్డో అనిపించుకున్నాడు. ఒరాంగుటాన్ (తోకలేని పెద్ద కోతి) మనిషి జాతేననీ, దానికి మాటలు రాలేదంతేననీ 1773 నుంచి వెలువడిన తన ఆరు సంపుటాల పుస్తకంలో వాదించాడు. తోక మనుషులున్నారన్న కబుర్లూ నమ్మాడు. గుర్రబ్బండి ఎక్కడం నామర్దా అని లండన్‌కి సైతం గుర్రం మీదే వెళ్ళేవాడు. ముక్కు సాగదీయకుండా, పొట్ట ఉబ్బించకుండా, పక్కన ఒక్క పటం తగిలించి ఇలాంటి మనిషిని పట్టేశాడు కే. మొహం వంకర చేస్తేనే కార్టూన్ అనేవాళ్ళు దీన్ని తీరిగ్గా చూడాలి.

కే మంగలి పనిచేసి, 1785లో ఎడిన్‌బరోలోని పార్లమెంట్ క్లోజ్ అనే ఆవరణలో ప్రింట్ల కొట్టు పెట్టాడు. కోర్టు ఆ పక్కనే. బొమ్మలకు కావలసిన జడ్జీలు కళ్ళెదుటే తిరిగేవారు.

ఇక ప్రింటు సంగతి. రాగిరేకుకు మైనం పూత పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో ఉంచితే గీసినచోట ఆసిడ్ రాగిని తినేసి గాడి చేస్తుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైది తుడిచి, తడి కాగితంతో ప్రెస్‌లో నొక్కుతారు. అందుకే బొమ్మ చుట్టూ రేకు అంచు దిగిన పల్లం ఉంటుంది, గీత మీద సిరా కాస్త ఉబ్బుగా ఉంటుంది. పది రెట్ల భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఫోటో నకలు, వదిలేయండి. పల్లం ఉందని కే కాలంనాటిదనీ అనుకోవద్దు: ఆయన పోయాక (1826) 1837–38లో హ్యూ పేటన్ అనే ప్రచురణకర్త అవే రేకుల నుంచి మళ్ళీ అచ్చువేశాడు. రాగి మెత్తన, అచ్చు పెరిగేకొద్దీ సన్నగీతలు అరిగిపోతాయి. కాబట్టి నీడల దగ్గరి సన్నగీతలు అరిగాయో లేదో చూడండి. కాగితాన్ని వెలుతురుకు పట్టితే కనిపించే అడ్డగీతలు (కాగితం తయారుచేసే అచ్చులోని తీగల ముద్రలు) పాతదనానికి ఓ ఆనవాలే గానీ, అవి లేకపోతే కొత్తదని కాదు. ఆ గీతలు లేని నున్నటి కాగితం అప్పటికే వచ్చేసింది.

ఫ్రేములోంచి తీయించకుండా మాత్రం కొనకండి. మార్జిన్లు కత్తిరించి ఫ్రేము కట్టే దురలవాటు చాలా పాతది, దాంతో పల్లం కాస్తా పోతుంది. నెట్‌లో పెట్టే స్కాన్లలోనూ అంచులు నరికేస్తున్నారు, వాటిని చూసి ఏమీ తేల్చలేం.